మతాంతర్గత దోషం – విశ్వాసి పూచీ : మునగాల పరిసర చరిత్ర ఆధారంగా ఒక పరిశీలన

హైదరాబాదు నుంచి విజయవాడకు పోయే రహదారి మీద సూర్యాపేట దాటిన తరువాత, కోదాడకు ముందు మునగాల వస్తుంది. నేడు అది సూర్యాపేట జిల్లాలోని ఒక మండల కేంద్రం. నిజాం పాలన కాలంలో మాత్రం ఆ దారిన వచ్చే ప్రయాణికుడు అక్కడ ఒక ప్రభుత్వపు ఏలుబడి నుంచి మరొక ప్రభుత్వపు ఏలుబడిలోకి అడుగుపెట్టేవాడు. చుట్టూ నిజాం ఇలాకా, నడుమ మద్రాసు రాజధానిలోని కృష్ణా జిల్లాకు చెందిన మునగాల పరగణా. 1959లో నల్లగొండ జిల్లాలో కలిసేవరకు ఆ పరగణా కృష్ణా జిల్లాలోనే ఉండింది. తెలుగు సాహిత్య చరిత్రలో ఈ చిన్న జమీందారీకి దక్కిన స్థానం దాని విస్తీర్ణంతో పోలిస్తే చాలా పెద్దది. జమీందారు నాయని వెంకటరంగారావు (1879–1958), ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు (1877–1923), హైదరాబాదులోని రావిచెట్టు రంగారావు మొదలైనవారి పూనికతో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి వెలిశాయి.

గ్రంథమండలి 1907లో వెలువరించిన మొదటి పుస్తకం గాడిచర్ల హరిసర్వోత్తమరావు రచించిన అబ్రహాం లింకన్ చరిత్ర. బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికా అధ్యక్షుని జీవితంతో ఒక తెలుగు ప్రచురణ సంస్థ తన ప్రస్థానాన్ని ఆరంభించడాన్ని సాహిత్య చరిత్రకారులు స్వాతంత్ర్యేచ్ఛకు సూచనగా చెబుతూ వచ్చారు. హరిసర్వోత్తమరావు మరుసటి ఏడే రాజద్రోహ నేరం మీద కారాగారానికి వెళ్లడం ఆ వ్యాఖ్యకు బలమిచ్చింది. కాని లింకన్ చరిత్రలో పరాయి పాలనకు సంబంధించిన అంశం కంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. అమెరికాలో బానిసలను కొన్నవారూ, అమ్మినవారూ, విడిపించాలన్నవారూ ఒకే దేవుణ్ణి కొలిచినవారు, ఒకే గ్రంథాన్ని పఠించినవారు. అక్కడి పోరాటం పరాయివాడితో జరిగినది కాదు. ఒక విశ్వాస సమాజం తనలో తాను చేసిన పోరాటం. ఆ కోణం నుంచి చూస్తే ఆ పుస్తకం ఆంగ్ల ప్రభుత్వాన్ని ప్రశ్నించడం కంటే, దాన్ని చదివిన హైందవ పాఠకుణ్ణీ, అచ్చువేయించిన జమీందారునూ ఎక్కువగా ప్రశ్నిస్తుంది. ఒక మతంలో జరిగే అన్యాయానికి ఆ మతాన్ని నమ్మేవారు ఏ మేరకు పూచీ వహించాలి? ఈ ప్రశ్న మునగాలకు అటూ ఇటూ, అంటే కృష్ణా జిల్లాలోనూ తెలంగాణలోనూ, ఏయే రూపాల్లో తలెత్తిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఒకే గ్రంథం, రెండు పక్షాలు

లింకన్ కథలోని మతాంశాన్ని కొంత వివరించవలసి ఉంది. ఎందుకంటే అది తిరిగి తిరిగి సూర్యాపేటకే వస్తుంది. బానిసల యజమాని మతప్రచారకుడుగా ఉండవచ్చునా అనే ప్రశ్న మీద 1844, 1845 సంవత్సరాల్లో అమెరికాలోని బాప్టిస్టులు రెండుగా చీలిపోయారు. దక్షిణాదివారు 1845లో వేరుగా సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్‌ను స్థాపించుకున్నారు. మెథడిస్టుల చీలిక 1844లోనే మొదలైంది. ఇరుపక్షాలూ బైబిలునే ప్రమాణంగా చూపాయి. 1865 మార్చి 4న రెండవసారి అధ్యక్ష పదవిని స్వీకరిస్తూ చేసిన ప్రసంగంలో లింకన్ ఈ విషయాన్నే ఎత్తుకున్నాడు. యుద్ధం ముగింపుకు వచ్చింది, గెలుపు ఉత్తరాదిదే. ఆ సమయంలో విజేతల నాయకుడు పాపాన్ని ఓడిపోయినవారి నెత్తిన పెట్టడం ఎంతో సులభం. ఆయన ఆ పని చేయలేదు. బానిసత్వాన్ని దక్షిణాది దోషంగా కాక అమెరికా దోషంగా పేర్కొన్నాడు. యుద్ధం ఇరుపక్షాలకూ దైవం విధించిన శిక్ష కావచ్చునన్నాడు. దక్షిణ బాప్టిస్టుల సంఘం తన పుట్టుకలో బానిసత్వానికి ఉన్న పాత్రను ఒప్పుకుని క్షమాపణ కోరుతూ తీర్మానించడానికి మాత్రం 1995 వరకు, అంటే సరిగ్గా 150 ఏళ్లు పట్టింది.

తన మతంలో తప్పు జరిగిందని తెలిసినప్పుడు విశ్వాసి చెప్పే జవాబులు ప్రధానంగా రెండు. అది నిజమైన మతం కాదు, మతాన్ని అర్థం చేసుకోని వారి పని అనడం ఒకటి. అది మా ఇంటిలోనే పుట్టింది, మేమే తీర్చాలి అనడం రెండవది. మొదటి జవాబు మతాన్ని రక్షిస్తుంది, ఆ మతస్థుణ్ణి కూడా రక్షిస్తుంది. అందువల్లనే అది అంత ప్రచారంలో ఉంది. అది పూర్తిగా అసత్యమని కొట్టివేయడానికీ వీలులేదు. సంస్కర్తలెందరో దాన్నే ఆయుధంగా వాడుకున్నారు. అయితే ఆ జవాబు చెప్పినవాడు ఆ తరువాత ఏం చేశాడు, ఏం పోగొట్టుకున్నాడు, ఏ తలుపు తెరిచాడు అన్నది వేరుగా అడగవలసిన ప్రశ్న.

ఈ ప్రశ్నను మొదట మునగాల కోటకే వేయాలి. గ్రంథాలయాలకూ శాస్త్ర గ్రంథాలకూ విరివిగా ధనమిచ్చిన వెంకటరంగారావు ఉదారతను ఎవరూ కాదనలేరు. అదే జమీందారీలో 1930ల చివర రైతులు, కూలీలు నందూరి ప్రసాదరావు వంటి నాయకుల వెంట ఉద్యమించినప్పుడు వారు ఎలుగెత్తిన బాధల్లో వెట్టి ఒకటి. వెట్టి కేవలం ఆర్థిక దోపిడీ కాదు. చెప్పులు కుట్టేవాడు ఉచితంగా చెప్పులు కుట్టియ్యాలి, డప్పు కొట్టేవాడు జాతరకు డప్పు కొట్టాలి, మోతగాడు మూట మొయ్యాలి. ఇవన్నీ పుట్టుకతో వచ్చిన ధర్మంగా, దైవం పెట్టిన కట్టడిగా ఊరి మనసులో నాటుకుని ఉన్నవి. బానిసల విమోచకుని చరిత్రను తెలుగువారికి అందించిన చోటనే వెట్టి సాగడాన్ని కపటమని ఒక్క మాటలో తీర్పు చెప్పడం సులభమే. దూరపు దోషం స్పష్టంగా కనిపించి ఇంటి దోషం ఆచారంలా కనిపించడం అంతకన్న లోతైన విషయం. లింకన్ ప్రసంగం ఆ భేదాన్నే చెరిపివేయ ప్రయత్నించింది.

శాస్త్రాన్ని సాక్షిగా పిలిచినవారు

లక్ష్మణరావు అక్క భండారు అచ్చమాంబ (1874–1905) ఈ చరిత్రలో విస్మరించరాని వ్యక్తి. స్త్రీలు అబలలు, బుద్ధిహీనులు, విద్యకు అనర్హులు అనే అభిప్రాయాలు ధర్మం పేరిట చలామణిలో ఉన్న కాలంలో, ఆమె అబలాసచ్చరిత్రరత్నమాల అనే స్త్రీ చరిత్రల సంపుటాన్ని కూర్చింది. ఆ దురభిప్రాయాలు అబద్ధమని వాదించి ఊరుకోక, చరిత్ర నుంచి ఉదాహరణలను ఒక్కొక్కటిగా ముందు పెట్టింది. తన సంప్రదాయాన్ని తిరస్కరించకుండానే, సంప్రదాయం పేరిట చెప్పేదానికి విరుద్ధమైన సాక్ష్యాన్ని ఆ సంప్రదాయంలో నుంచే తీసింది.

ఆమె రచనను ప్రోత్సహించిన కందుకూరి వీరేశలింగం అప్పటికి రెండు దశాబ్దాల ముందే ఈ పద్ధతిని ప్రయోగించి చూశాడు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహాన్ని జరిపించడానికి ముందు ఆయన పండితులతో చేసిన వాదమంతా పరాశర స్మృతి వంటి ప్రమాణాల చుట్టూనే తిరిగింది. శాస్త్రం వితంతువు పునర్వివాహాన్ని అనుమతించింది, ఆచారమే అడ్డుపడుతున్నది అని ఆయన వాదం. అంటే పైన చెప్పిన మొదటి జవాబే: దోషం మతానిది కాదు, మతాన్ని వక్రీకరించినవారిది. కాని వీరేశలింగం విషయంలో ఆ జవాబు చౌకగా రాలేదు. పెళ్లికి వెళ్లినవారికి వెలి పడింది. వంటవాళ్లు మానివేశారు. పురోహితులు రాలేదు. శుభాశుభ కార్యాలు నడవడమే కష్టమైంది. ఒకే వాక్యాన్ని సభలో గౌరవం నిలుపుకోవడానికి ఒకడు చెప్పవచ్చు, వెలిని భరిస్తూ మరొకడు చెప్పవచ్చు. ఆ ఇద్దరినీ ఒకే గాటన కట్టడం సాహిత్య చరిత్రకు తగదు.

ఈ పద్ధతికి ఒక పరిమితి మాత్రం ఉంది. శాస్త్రం అనుకూలంగా ఉన్నచోట అది పనిచేస్తుంది. శాస్త్రమే ప్రతికూలంగా మాట్లాడినచోట, లేదా ఆ శాస్త్రాన్ని వినే అర్హతే లేదని వెలుపల నిలబెట్టినవారి విషయంలో అది మూగబోతుంది. వితంతువు ఇంటి లోపలి మనిషి. మాలపల్లె ఊరికి వెలుపలిది.

మూడు రోజులు మూసిన గుడి

మునగాల పరగణా ఏ జిల్లాకు చెందిందో ఆ జిల్లాలోని ముఖ్య పట్టణం బెజవాడలో 1917 నవంబరు 4, 5, 6 తేదీల్లో ఒక సభ జరిగింది. గూడూరు రామచంద్రరావు వంటి సంస్కర్తలు పూనుకుని ఏర్పాటు చేసిన ఆ సభకు పెట్టిన పేరు పంచమ మహాజన సభ. అధ్యక్షుడు హైదరాబాదుకు చెందిన భాగ్యరెడ్డివర్మ (1888–1939). పంచమ శబ్దానికి పురాణాల్లో గాని చరిత్రలో గాని ఆధారం లేదని, తాము ఈ నేలకు ఆదివాసులమని ఆయన అధ్యక్ష స్థానం నుంచి అభ్యంతరం తెలిపాడు. దానితో సభ తన పేరును ఆది ఆంధ్ర మహాజన సభగా మార్చుకుంది. 1922లో మద్రాసు ప్రభుత్వం కూడా ఆది ఆంధ్ర అనే పేరును అంగీకరించింది.

ఆ మూడు రోజులూ ఇంద్రకీలాద్రి మీది కనకదుర్గ ఆలయాన్ని మూసి ఉంచారు. ఆ సభకు వచ్చినవారు గుడిలోకి చొరబడతారని భయం. సభ గుడిని గురించి జరిగినది కాదు. పేరు, చదువు, గౌరవం దానిలోని చర్చనీయాంశాలు. ఎవరూ ఇంకా అడగని ప్రవేశానికి ముందుగానే తలుపు మూశారు.

ఈ సంఘటనను సాధారణంగా దళితోద్యమ చరిత్రలో ఒక అవమానంగా పేర్కొంటారు. దాన్ని విశ్వాసుల చరిత్రగా కూడా చదవవలసి ఉంది. అమ్మవారి గుడి మూతపడితే ఆ మూడు రోజులూ దర్శనం పోగొట్టుకున్నది ఎవరు? ఎన్నడూ ప్రవేశం లేనివారు కొత్తగా పోగొట్టుకున్నదేమీ లేదు. నిత్యం మెట్లెక్కి వెళ్లే భక్తులకే దర్శనం లేకపోయింది. అంటే సాటి మనుషులను దూరంగా ఉంచడం కోసం భక్తులు తమ దేవతను కూడా మూడు రోజులు వదులుకోవడానికి సిద్ధపడ్డారు. నిషేధం భక్తి కంటే బలమైనదిగా రుజువైన సందర్భమిది. ఇటువంటిచోట అది నిజమైన మతం కాదు అనే జవాబు ఎంత సదుద్దేశంతో చెప్పినా పొసగదు. తాళం వేసిన చేయి పరాయివాడిది కాదు, అజ్ఞానిదీ కాదు. ఆలయ వ్యవహారమంతా తెలిసినవారి చేయి అది.

భాగ్యరెడ్డివర్మ మరొక వైపు నుంచి కూడా ఈ చర్చకు ముఖ్యుడు. అన్యాయానికి గురైనవాడు తన వారిలోని దోషాలను ఎత్తి చూపనవసరం లేదని ఆయన అనుకోలేదు. ఆడపిల్లలను దేవత పేరిట జోగినులుగా, బసివిరాండ్రుగా విడిచిపెట్టే ఆచారాన్నీ, జంతుబలినీ, మద్యపానాన్నీ ఆయన తన సమాజంలోనే తీవ్రంగా ఎదిరించాడు. జోగిని ఆచారంలో ఊరి పెద్దకులాల మగవారికి లాభమున్నా, పిల్లను గుడికి ఇచ్చేది కన్నవారే, మొక్కు వారిదే. ఇక్కడ పూచీ ఎవరిది అనే ప్రశ్నకు ఒక్క జవాబు చాలదు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ అంకితాలను నిషేధిస్తూ శాసనం 1988లో గాని రాలేదన్న సంగతి గుర్తుంచుకుంటే ఆయన అంతకు ఎన్ని దశాబ్దాల ముందు ఆ పనికి దిగాడో తెలుస్తుంది.

సంస్కారవంతులు చేరిన సభల్లో సైతం పరిస్థితి సులభంగా లేదు. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగిన మొదటి నిజామాంధ్ర మహాసభలో భాగ్యరెడ్డివర్మ మాట్లాడడానికి సంప్రదాయవాదులు కొందరు ఆక్షేపణ తెలిపారు. భాషకు జరిగిన అవమానం నుంచి పుట్టిన ఉద్యమం అది. 1921లో హైదరాబాదులో ఒక సభలో తెలుగులో మాట్లాడిన వక్తను గేలిచేయడమే దానికి మూలం. తమ నోరు మూయించినందుకు నొచ్చుకున్నవారిలోనే కొందరు తొమ్మిదేళ్లకు మరొకరి నోరు మూయించబోయారు.

ప్రాయశ్చిత్తం ఎవరి కథ?

1933 డిసెంబరులో గాంధీ హరిజన యాత్ర ఆంధ్ర ప్రాంతంలో సాగింది. అది ముగిసిన కొద్ది రోజులకే, 1934 జనవరి 15న, బీహారులో ఘోర భూకంపం సంభవించింది. అస్పృశ్యతా పాపానికి దైవం విధించిన శిక్ష ఇదని గాంధీ ప్రకటించాడు. సామూహిక బాధ్యతను ఇంతకంటే నిర్మొహమాటంగా ఒప్పుకున్న హైందవ నాయకుడు లేడనవచ్చు. అంటరానితనాన్ని ఆయన పరాయి దోషంగానో కాలదోషంగానో తేల్చివేయలేదు, మన పాపమన్నాడు. అయితే రవీంద్రనాథ ఠాకూరు ఈ వాదాన్ని బహిరంగంగా ఖండించాడు. ప్రకృతి విపత్తుకు నైతిక కారణం ఆపాదించడం అశాస్త్రీయమన్నది ఆయన ఆక్షేపణలో ఒక భాగం. ఇటువంటి తర్కం గాంధీ ప్రత్యర్థులకే ఎక్కువ పనికివస్తుందన్నది రెండవ భాగం. భూకంపం అస్పృశ్యత వల్ల వచ్చిందని ఒకరు అనగలిగితే, అస్పృశ్యతను తీసివేయబోవడం వల్ల వచ్చిందని సనాతనుడు అనలేడా? ఠాకూరు అడిగినదానిలో మరొక ప్రశ్న కూడా దాగి ఉంది. భూకంపంలో ఇళ్లు కూలి చనిపోయినవారిలో అస్పృశ్యులు లేరా? పాపం ఒకరిదైతే శిక్ష అందరిదా?

అంబేద్కర్ విమర్శ దీనికంటె ఆచరణాత్మకం. 1932లో ఏర్పడిన హరిజన సేవక్ సంఘ్ యాజమాన్యం సవర్ణ హిందువుల చేతుల్లోనే ఉండాలని గాంధీ పక్షం చెప్పింది. ఇది సవర్ణులు చేయవలసిన ప్రాయశ్చిత్తం, ప్రాయశ్చిత్తాన్ని పాపం చేసినవాడే చేయాలి అన్నది వారి వాదం. తర్కం నిర్దుష్టంగానే కనిపిస్తుంది. కాని దాని ఫలితం వింతగా పరిణమించింది. పాపమూ సవర్ణుడిదే, పశ్చాత్తాపమూ అతనిదే, పుణ్యమూ అతనిదే. గాయపడినవాడు ఆ కథలో పాత్ర మాత్రమే, కర్త కాడు. ఆ సంస్థ దిశను నిర్ణయించడంలో దళితులకు చోటు ఉండాలని, గుడి కంటే పౌరహక్కులూ బతుకుతెరువూ ముఖ్యమని అంబేద్కర్ పట్టుబట్టాడు. ఒప్పుకోలు ఎంత నిజాయితీతో చేసినా అది అధికారాన్ని వదులుకోవడంతో సమానం కాదని ఈ వివాదం తేటతెల్లం చేసింది.

తెలంగాణలో హరిజన సేవా కార్యక్రమం నుంచి వచ్చిన రావి నారాయణరెడ్డి ప్రయాణాన్ని ఈ వెలుగులో చూడవచ్చు. హైదరాబాదు సంస్థానంలో హరిజన సేవక్ సంఘ్ పనిలో, వసతి గృహాల నిర్వహణలో ఆయన మొదటి ప్రజాజీవితం గడిచింది. 1941లో ఆయన అధ్యక్షతన నిజామాంధ్ర మహాసభ జరిగిన చిలుకూరు మునగాలకు పొరుగునే, కోదాడ ప్రాంతంలోనే ఉంది. అప్పటికి ఆయన మాట సేవ నుంచి హక్కు వైపు, ప్రాయశ్చిత్తం నుంచి వెట్టి రద్దు వైపు జరిగింది. ఆ జరుగుబాటుకు మార్క్సిజమే కారణమని చెప్పడం పరిపాటి. సేవలో ఉన్నవాడికి సేవ చాలదని అనుభవం చెప్పడం కూడా ఒక కారణం కావచ్చు.

ఉన్నవ లక్ష్మీనారాయణ మాలపల్లి (1922) ఈ వివాదాలకు దశాబ్దం ముందుది. ఆ నవలలో పరమ భక్తుడు మాలవాడైన రామదాసు. వైష్ణవ తత్త్వం అతని నోట పలికినంత సహజంగా ఊరి పెద్దల నోట పలకదు. మతంలోని ఉత్తమాంశం మతం వెలివేసినవాడి దగ్గర భద్రంగా ఉండడం అనే ఈ చిత్రణలో పాఠకుడైన సవర్ణునికి ఊరట ఉంది, ఉరి కూడా ఉంది. రామదాసును మెచ్చుకుని ఊరుకోవచ్చు. లేదా అంతటి భక్తుణ్ణి గుడి బయట నిలబెట్టినదెవరని అడగవచ్చు. విమర్శకుల్లో మొదటి పని చేసినవారే ఎక్కువ.

తెరిచినవానికి రక్షణ

ఆలయ ప్రవేశ చట్టాల చరిత్రలో ఒక శీర్షిక ఆలోచింపజేస్తుంది. 1939 జూలై 8న మధుర మీనాక్షి ఆలయంలోకి వైద్యనాథ అయ్యరు నాయకత్వంలో దళితులు ప్రవేశించారు. వెంటనే మద్రాసు ప్రభుత్వం చేసిన శాసనం పేరులో ఆలయ ప్రవేశానికి అధికారమివ్వడంతో పాటు నష్టపూచీ నుంచి రక్షణ అనే మాట కూడా చేరింది. తలుపు తెరిచిన ధర్మకర్తల మీద, అర్చకుల మీద, అధికారుల మీద సనాతనులు వ్యాజ్యాలు వేయకుండా కాపాడడం దాని ఉద్దేశం. ఆచారాన్ని భంగపరచడం న్యాయస్థానంలో నిలబడదగిన అపరాధం, ఆచారం పేరిట మూసివేయడం అపరాధం కాదు. 1917లో కనకదుర్గ గుడికి తాళం వేసినవారికి ఏ రక్షణ శాసనమూ అవసరపడలేదు. అప్పటి చట్టం దృష్టిలోనూ, మతం దృష్టిలోనూ పూచీ పడవలసినవాడు తెరిచినవాడే.

ఆ శాసనం కూడా తలుపులను తానుగా తెరవలేదు. ఆరాధకులు సాధారణంగా వ్యతిరేకించరని తోస్తే, ప్రభుత్వ ఆమోదంతో ధర్మకర్త తెరవవచ్చునని మాత్రమే చెప్పింది. నిర్ణయం విశ్వాసుల మనస్సాక్షికి వదిలివేసిందని దీన్ని ప్రశంసించవచ్చు. ఎనిమిదేళ్ల తరువాత 1947లో మరొక శాసనం చేసి ప్రవేశాన్ని హక్కుగా ప్రకటించవలసి వచ్చిందంటే ఆ మనస్సాక్షి ఎంతవరకు పనిచేసిందో ఊహించవచ్చు.

1947 శాసనం మద్రాసు రాజధానికి వర్తించేది. అందువల్ల చట్టం ప్రకారం మునగాల పరగణాలోని గుడిలో దళితునికి హక్కు ఏర్పడింది. పొలిమేర అవతల నిజాం గ్రామానికి ఆ చట్టం లేదు. ఆరాధకుల మతం ఒకటే, భాష ఒకటే, బంధుత్వాలు పొలిమేర దాటి అల్లుకున్నవే. పోలీసు చర్య జరిగిన 1948 సెప్టెంబరు దాకా, ఒక విధంగా 1950లో రాజ్యాంగం అస్పృశ్యతను రద్దు చేసేదాకా, ఆ సరిహద్దు నిలిచింది. ధర్మం సనాతనమనీ దేశకాలాలకు అతీతమనీ చెప్పేవారికి, నడిచి దాటగల ఒక రెవెన్యూ సరిహద్దు దగ్గర అది మారిపోవడం ఇబ్బంది కలిగించే సాక్ష్యం.

ఈ ఇబ్బందినంతా ఒక్కసారిగా వదిలించుకునే దారి మతాన్నే వదిలివేయడం. కృష్ణా జిల్లాలోనే పనిచేసిన గోరా (గోపరాజు రామచంద్రరావు, 1902–1975) ఆ దారి పట్టి 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించాడు. కాని వదిలివేయడం బాధ్యత నుంచి విడుదల అని ఆయన భావించినట్టు కనిపించదు. తన కుమార్తె వివాహాన్ని దళిత యువకునితో జరిపించడానికి నిశ్చయించి, దానికి గాంధీ సమ్మతిని కూడా పొందాడు. 1948లో గాంధీ మరణానంతరం ఆ పెళ్లి సేవాగ్రాంలో జరిగింది. దేవుణ్ణి వదిలినా కులంలో పెళ్లిచేసే నాస్తికుడు ఏమి వదిలినట్టు అన్నది గోరా ఆచరణ వేసే ప్రశ్న.

కులం లేదన్న చోట కులం

నెల్లూరు, ఒంగోలు, నల్లగొండ, సూర్యాపేటల్లో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషన్, పైన చెప్పిన 1845 చీలికలో ఉత్తరాది పక్షానికి చెందింది. బానిసల యజమానిని మతప్రచారకుడిగా పంపబోమని చెప్పిన సంస్థ అది. ఆ నిర్ణయం జరిగి రెండు దశాబ్దాలు గడిచాక ఒంగోలులో జాన్ క్లౌ దంపతుల ముందు అదే ప్రశ్న తెలుగు వేషంలో నిలిచింది. యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ భక్తుని వెంట మాదిగలు క్రైస్తవంలోకి రాసాగారు. వారిని చేర్చుకుంటే తాము రాబోమని, పిల్లలను బడికి పంపబోమని పై కులాలవారు చెప్పారు. పెద్ద కులాలను ముందు గెలుచుకుంటే తక్కినవారు తరువాత వస్తారన్న లెక్క మిషనరీలకు కొత్త కాదు. పద్దెనిమిదవ శతాబ్దంలో తెలుగు నేల మీద పనిచేసిన జెసూట్‌లు కులాచారాన్ని అలాగే ఉండనిచ్చి రెడ్లను, కమ్మలను చేర్చుకున్నారు. క్లౌ దంపతులు ఎవరికి వారుగా బైబిలు తెరిస్తే, లోకంలోని బలహీనులను, నీచులుగా ఎంచబడినవారిని దేవుడు ఏర్పరచుకున్నాడనే ఒకే భాగం ఇద్దరికీ కనిపించిందనీ, దాన్ని ఆజ్ఞగా తీసుకున్నారనీ క్లౌ స్వీయచరిత్ర చెబుతుంది. క్షామానంతరం 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

అంతటితో కథ సుఖాంతమైతే ఈ వ్యాసానికి ఇక్కడ పని ఉండేది కాదు. బాప్టిస్టు సంఘాలు ప్రధానంగా మాదిగలవిగా, లూథరన్, ఆంగ్లికన్ సంఘాలు ఎక్కువగా మాలలవిగా రూపొందాయి. కులం బయట వదిలివచ్చే చెప్పు కాదు, లోపలికి నడిచివచ్చే కాలు అని క్రమంగా తేలింది. దోర్నకల్ మొదటి బిషప్ అజరయ్య (1912లో అభిషిక్తుడు) సంఘంలోని కులభేదాన్ని క్రైస్తవానికి విరుద్ధమని జీవితాంతం బోధించాడు. పై కులాల నుంచి వచ్చిన క్రైస్తవులు పెళ్లి సంబంధాలు తమ కులంలోనే వెతుక్కోవడం, మాల మాదిగ సంఘాల నడుమ ఎడం కొనసాగడం మాత్రం ఆగలేదు. ఇక్కడ కూడా విశ్వాసి మొదటి జవాబు సిద్ధంగా ఉంది: క్రీస్తులో కులం లేదు, ఉన్నదంతా హిందూ సమాజం నుంచి అంటిన మురికి. సగం నిజమైన ఈ జవాబుకు మిగిలిన సగం చట్టం పూరించింది.

1950 ఆగస్టు 10న వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది. క్రైస్తవులకు, ముస్లింలకు విస్తరించలేదు. 1985లో సూసై అనే చర్మకారుని కేసులో సర్వోన్నత న్యాయస్థానం ఎదుట ఈ ప్రశ్న వచ్చినప్పుడు, మతం మారిన తరువాత కూడా క్రైస్తవ సమాజంలో ఆ కులజుడు అదే తీవ్రతతో వివక్షకు గురవుతున్నాడని చూపే ప్రామాణిక ఆధారాలు తన ముందు లేవని న్యాయస్థానం పేర్కొంది. దీని పర్యవసానం గమనించదగినది. కులం లేదు అనే ప్రబోధం ఎంత ఘనంగా సాగితే దళిత క్రైస్తవుని హక్కు అంత బలహీనపడుతుంది. హక్కు కావాలంటే సంఘం తన దోషాన్ని సాక్ష్యంగా ఒప్పుకోవాలి. వేదిక మీద సమానత్వం బోధించే నోటితోనే న్యాయస్థానంలో మా మధ్య అసమానత ఉందని చెప్పాలి. భారత కథోలిక పీఠాధిపతుల సమాఖ్య 2016 డిసెంబరులో వెలువరించిన దళిత సాధికారతా విధానంలో తమ సంఘంలో వివక్ష ఉన్నదని ఒప్పుకుంది. 2022 ఆగస్టులో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోని దళితులలో నుంచి మొదటి కార్డినల్ కావడం, అంతకు ముందు శతాబ్దాల పాటు ఎందుకు కాలేదన్న ప్రశ్నను కూడా వెంటబెట్టుకునే వచ్చింది.

తెలుగు ముస్లిం రచయితలు ఇదే ఇరకాటాన్ని మరింత ఒత్తిడిలో ఎదుర్కొన్నారు. నల్లగొండ జిల్లాకు చెందిన స్కైబాబ సంపాదకత్వంలో వచ్చిన జల్‌జలా (1998) కవితా సంకలనం, వతన్ (2004) కథా సంకలనం, షాజహానా నఖాబ్ (2005) సంపుటి మతతత్వ దాడిని ఎదిరించే పనినీ, పరదా చాటున ఇంట్లో జరిగేదాన్ని ప్రశ్నించే పనినీ రెంటినీ చేపట్టాయి. దూదేకుల వంటి సమూహాలను తోటి ముస్లింలే తక్కువ చేసి చూడడం కూడా ఈ సాహిత్యోద్యమం చర్చకు పెట్టింది. సవర్ణ హిందూ సంస్కర్తకు లేని కష్టం ఇక్కడ ఉంది. తన ఇంటి దోషాన్ని అతడు చెబితే అది సంస్కరణ అనిపించుకుంటుంది. అల్పసంఖ్యాకుడు చెబితే అది మరుసటి రోజే అతని ఇంటి మీదికి ఆయుధంగా తిరిగివస్తుంది. లోపలివారు ద్రోహి అంటారు, బయటివారు సాక్షిగా పిలుస్తారు. కాబట్టి పూచీని అందరిమీదా ఒకే తూకంతో మోపడం న్యాయం కాదు. గుడి తాళం చేతిలో ఉన్న ధర్మకర్త మౌనానికీ, ఊరంతా అనుమానంగా చూసే వాడలో ఉంటున్న స్త్రీ మౌనానికీ ఒకే పేరు చెల్లదు. అయినా ఆ స్త్రీలే రాశారు.

ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2009 ఆగస్టులోనూ, 2023 మార్చిలోనూ దళిత క్రైస్తవులకు షెడ్యూల్డు కులాల హోదా కోరుతూ తీర్మానాలు చేసింది. ఆ రెంటి నడుమ 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన ఒక విచారణ సంఘాన్ని నియమించింది. మతం మారినవారి ఆచారాల్లో, సంప్రదాయాల్లో, వారు ఎదుర్కొనే వివక్షలో వచ్చిన మార్పేమిటో పరిశీలించడం దానికి అప్పగించిన పనుల్లో ఒకటి. ఒంగోలులోను, సూర్యాపేటలోను, దోర్నకల్లులోను ఆదివారం ఉదయం పక్కపక్కన కూర్చుని పాడే రెండు కుటుంబాలు పెళ్లి సంబంధాల వేళకు ఎందుకు వేరుపడతాయో ఆ సంఘానికి చెప్పవలసింది ఆ కుటుంబాలే.